అమ్మ టేపుతో కొలిచిన రేసు బండి

వచ్చే ఆదివారం చెన్నైలో చిన్న బళ్ళ రేసు ఉంది. నాది మట్టిలో గెంతడానికి చేసిన బుల్లి మోటారు సైకిలు. దానికి రోడ్డు టైర్లు వేశాను గానీ స్ప్రింగులు మరీ మెత్తన. బ్రేకు వేస్తే ముందుభాగం కిందికి కుంగిపోతుంది. పోయిన నెల అలాగే పడి మోచెయ్యి గీరుకున్నాను. అప్పటినుంచి అమ్మ ఆ బండి వైపు చూడటమే మానేసింది.

ఈ రోజు పిట్టలవానిపాలెంలో ఒక రైస్ మిల్లు సిమెంటు కళ్ళం ఖాళీగా ఉందని తెలిసి, అక్కడ నడిపి చూద్దామని తెనాలిలో లేత్ షాపు నడిపే నా స్నేహితుడు సలీం, నేను బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరాం. అమ్మ కూడా వచ్చి ఎక్కింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నేను కూర్చుంటే బండి ఎంత దిగుతోందో కొలవాలి. తీరా చూస్తే టేపు తేలేదు. బట్టలు కుట్టే అమ్మ సంచిలోంచి తన టేపు తీసి, "కూర్చో, కదలకు," అంది. సలీం ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కు గొట్టాల్లో చిక్కటి ఆయిలు పోసి, వెనక స్ప్రింగు బిగించాడు. అమ్మ మళ్ళీ కొలిచింది; ఈసారి బండి తక్కువే దిగింది.

తర్వాత కళ్ళం మీద జోరుగా నడిపి, మలుపు దగ్గర గట్టిగా బ్రేకు వేశాను. బండి కుంగలేదు, నేను పడలేదు.

"ఏంటి సలీం, ఇంక పడడా వీడు?" అంది అమ్మ.

"అలా మాటివ్వలేనండి పిన్నిగారూ. కానీ ఇదివరకటంత తేలిగ్గా పడడు."

అమ్మ టేపు చుట్టి సంచిలో పెట్టుకుంటూ, "అయితే నాకూ చెన్నైకి టిక్కెట్టు తీయండి," అంది.

ఇంతకాలం రేసంటే నా భయమల్లా మలుపులే. ఇప్పుడు పక్కనుంచి "నెమ్మదిరా!" అని అరిచే అమ్మ ముందు జోరుగా నడపాలి. మీలో ఎవరికైనా ఆ అనుభవం ఉంటే చెప్పండి, ఆదివారంలోపు నేర్చుకుంటాను.