గుడివాడ నుంచి తెచ్చిన జపాను కుండీ

1997 ఏప్రిల్‌లో నేను మచిలీపట్నంలో ఉద్యానాధికారిగా ఉన్నాను. ఆ నెల జరగబోయే ప్రదర్శనకు బోన్సాయ్ చెట్లు సేకరించే పని నాకు అప్పగించారు. ఎవరి చెట్టు తెచ్చినా రసీదు రాసి సంతకం పెట్టాలి. దానికి ఏమైనా అయితే జవాబు చెప్పుకోవలసింది సంతకం పెట్టినవాడే.

గుడివాడలో మేరీ రత్నంగారని రిటైరైన నర్సు ఉండేవారు. ఆమె దగ్గర అరచేతిలో ఇమిడే చింతచెట్టు ఉంది. ఆమె భర్త ఇరవై ఏళ్లు దాన్ని పెంచి, అంతకు ముందు ఏడాదే పోయారు. కుండీ జపానుది, ఓడలో పనిచేసే మరిది తెచ్చి ఇచ్చాడు. నీలి గాజుపూత, టీకప్పంత కూడా లేదు.

"ఆయన్నే మీ చేతుల్లో పెడుతున్నాననుకోండి సార్, జాగ్రత్తండీ" అన్నారామె.

పామర్రు మీదుగా జీపులో వస్తున్నంతసేపూ కుండీని ఒళ్లోనే పెట్టుకున్నాను. బందరు చేరి ఆఫీసు బల్ల మీద పెట్టి చూస్తే, పూతలో వెంట్రుకల్లాంటి సన్నని గీతలు. తీసుకునేటప్పుడు ఉన్నాయా? గుర్తు లేదు. రసీదులో "మంచి స్థితిలో" అని రాసింది మాత్రం నేనే.

మా ఫీల్డ్ అసిస్టెంట్ వెంకటేశ్వర్లుది మోపిదేవి. సంతలో కుండ కొనేటప్పుడు చేసినట్టే వేలి కణుపుతో కొట్టి చూశాడు. "లాభం లేదండీ, బీటిచ్చేసింది. మంచిదైతే ఖంగుమనాలి కదండీ, మొద్దుగా పలుకుతోంది" అన్నాడు. నేనూ కొట్టాను. నిజమే. నిండు కుండ తొణకదంటారు. మట్టితో నిండిన కుండీ పలకదు కూడా అని ఉద్యానశాస్త్రం చదివిన నాకు ఆ క్షణాన తట్టలేదు.

పక్కనే ఫోను ఉంది. గుడివాడకు చేయడానికి చెయ్యి రాలేదు. నీళ్లు పోస్తే కుండీ విడిపోతుందేమో, చెట్టునైనా దక్కించుకుందామనుకున్నాను. మండుటెండల్లో వేళ్లు కదపొద్దని రైతులకు చెప్పేవాణ్ణే, కత్తెర తీసుకున్నాను. ఇంత చిన్న కుండీలో చెట్టు ఊగకుండా, అడుగు రంధ్రాల గుండా తీగ పోనిచ్చి వేళ్లను బిగిస్తారు. కంగారులో ఆ తీగ పూర్తిగా తెగకముందే చెట్టును లాగాను. పెద్ద వేరు తెగి వచ్చింది.

ఖాళీ కుండీని వెంకటేశ్వర్లు మళ్లీ కొట్టాడు. ఖంగుమంది.

అయినా ఆ గీతలను నమ్మలేక, చెట్టును వేరే కుండీలో పెట్టి నీడన ఉంచాం. నాలుగో రోజుకు ఆకులు రాలాయి. వారానికి కొమ్మలు ఎండాయి. మేరీ రత్నంగారిని పిలిపించి జరిగిందంతా చెప్పాను. ఆ గీతలు కుండీ వచ్చిన నాటి నుంచీ ఉన్నాయట. బట్టీలోంచి తీశాక చల్లారేటప్పుడు గాజుపూత ఒక్కటే అలా నెర్రెలిస్తుందట, లోపలి మట్టికి ఏమీ కాదట. ఆమె కోప్పడలేదు. "ఒక్క ఫోను చేస్తే చెప్పేదాన్ని కదండీ" అన్నారు. కుండీని నా బల్ల మీదే వదిలేసి, ఎండిన చెట్టును చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్లిపోయారు.

తరువాత సర్వీసంతా, ఏ వస్తువు తీసుకున్నా దాని మీదున్న ప్రతి గీతనూ యజమాని ఎదుటే రసీదులో రాశాను. కిందివాళ్లకూ అదే నేర్పాను. అనుమానం వస్తే ముందు యజమానిని అడగమనీ, అడిగేదాకా పనిముట్టు ముట్టొద్దనీ చెప్పాను. కుండీ గట్టిదే. ఆ చింతచెట్టును చంపింది నా భయం.