మా రిలీవరు బండి

నాకు అసూయ ఎక్కువ. ఈ మాట మా ఆవిడ ముప్పై ఏళ్లుగా అంటోంది, నేను ముప్పై ఏళ్లుగా కాదంటున్నాను. ఉద్యోగం అయిపోయాక వాదించే ఓపిక తగ్గి ఇప్పుడు ఒప్పేసుకుంటున్నాను. పైగా నేను అసూయపడిందేమీ పెద్ద ఆఫీసరు మీదా, కోటీశ్వరుడి మీదా కాదు. ఈ హిందీ ప్రాంతపు ఉక్కు ఊళ్లో, రుఆబాంధా సెక్టారులో, మా ఎదురింట్లో ఉండే మనిషి మీద.

అతను ప్లాంటులో నా రిలీవరు. ఈ మాట తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఉక్కు కడ్డీలు సాగదీసే మా మిల్లు ఎప్పుడూ ఆగదు కాబట్టి షిఫ్టు అయిపోయినా మన తర్వాతి మనిషి వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. ఆ వచ్చే మనిషే రిలీవరు. ఇరవై రెండేళ్లు మేమిద్దరం ఒకే కేబిన్‌లో, ఒకే కుర్చీలో కూర్చుని, అవే లివర్లు తిప్పాం. కలిసి మాత్రం ఒక్క పూట కూడా పని చెయ్యలేదు. అతను వస్తే నేను లేచేవాణ్ణి, అంతే.

అతను ఏనాడూ ఆలస్యంగా రాలేదు. పది నిమిషాలు ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడి, "చెప్పు గురూ, ఏటైనా ఉందేటి?" అని అడిగేవాడు. అది కుశలప్రశ్న కాదు. ఏ మోటారు వేడెక్కుతోంది, ఏ బేరింగు మూలుగుతోంది, ఏ బ్రేకు జారుతోంది, అన్నీ చెప్పి మరీ లేవాలి. దాచిపెట్టి పోతే వచ్చినవాడి ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో దెబ్బలాడి వచ్చినా, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా, ఆఖరికి ఇద్దరికీ మాటలు లేకపోయినా ఆ చెప్పడం మాత్రం ఎవరూ మానరు. నేనూ మానలేదు.

అక్కడ కూడా నాకు కడుపుమంటే. నా షిఫ్టులో ఎర్రగా కాలుతున్న కడ్డీలు రోలర్ల మధ్య అడ్డం తిరిగి ఇరుక్కుపోయేవి. అతను కూర్చోగానే అవే కడ్డీలు బుద్ధిగా వరసలో పోయేవి. మిల్లుకు కూడా అతనంటేనే ఇష్టమేమో అనుకునేవాణ్ణి. ఇనుముకు ఇష్టాయిష్టాలు ఉండవని నాకు తెలుసు. అయినా అనుకునేవాణ్ణి.

రిటైరైన మొదటి నెలలో మా పెరట్లో టార్పాలిన్ కింద పడి ఉన్న మా నాన్న బండి మీద నా కన్ను పడింది. రెండు సైలెన్సర్ల పాతకాలం మోటారు సైకిలు. దాని కిక్కు రాడ్డునే ముందుకు తిప్పి గేరు రాడ్డుగా వాడాలి. మా నాన్న దాని మీదే డ్యూటీకి వెళ్లేవాడు. ఆయన పోయాక మా ఆవిడ దాని మీద ఉతికే బట్టలు పడేసేది.

"కార్బొరేటర్ ఒక్కటీ కడుగుతాను, అంతే" అన్నాను మా ఆవిడతో.

కార్బొరేటర్ విప్పితే టాంకులోంచి తుప్పు దిగింది. టాంకు కడిగితే చిల్లు బయటపడింది. చిల్లు పూడ్చడానికి టాంకు ఎత్తితే కింద ఉన్న వైర్లు అప్పడాల్లా విరిగాయి. వైర్లు మార్చాలంటే ఇంజను దించాలి, ఇంజను దించాక దాన్ని విప్పకుండా ఎవరు ఊరుకుంటారు? నాలుగు నెలలయ్యేసరికి పెరట్లో రేకుల షెడ్డు లేచింది. వాషింగ్ మెషీన్ వరండాలోకి వచ్చింది. పిస్టన్ షోకేసులో బొమ్మల పక్కన కూర్చుంది. చుట్టాల గదిలో మంచం మీద రెండు చక్రాలు పడుకున్నాయి. పాత ఇడ్లీ పాత్రలో కిరోసిన్ పోసి చైను నానబెట్టాను. అది పాతది కాదనీ, తన పుట్టింటివాళ్లు పెట్టిందనీ మా ఆవిడ ఆ సాయంత్రం చెప్పింది. చాలాసేపు చెప్పింది.

రోజూ సాయంత్రం ఎదురింటి మనిషి రోడ్డు దాటి వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, "ఇదేటి గురూ? అదెక్కడ పడతాది?" అని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఆ రోజులు నాకెంత బాగుండేవో! అతనికి తెలియనిది నాకు తెలియడం, నేను చెబుతుంటే అతను తలూపడం నా జీవితంలో అదే మొదటిసారి. వాకింగుకు వెళ్లే పాత షిఫ్టువాళ్లు కూడా మా గేటు దగ్గర ఆగేవారు. నేను కావాలనే స్పానరు చేత్తో పట్టుకుని బయటికి వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం అతని ఇంటి ముందు చిన్న లోడు బండి ఆగింది. అందులోంచి దిగింది సరిగ్గా నా బండి లాంటి బండే. పక్క ఊరు ఉతైలో ఒక రైసు మిల్లు వెనకాల పడి ఉంటే కొన్నాడట. దాని సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టేవట.

"నిన్ను సూసే కొన్నాను గురూ" అన్నాడు ఆనందంగా.

నన్ను చూసి కొన్నాడట! ఒళ్లు మండింది. కానీ బండి దగ్గరికెళ్లి చూస్తే మనసు కుదుటపడింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వంగిపోయి ఉంది, రిమ్ములు జల్లెడలయ్యాయి, ఇంజను బిగుసుకుపోయింది. "కష్టం గురూ, చాలా కష్టం" అని ఎంతో జాలిగా అన్నాను. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మూడో నెలలో అతని ఇంజను పలికింది. ఆ శబ్దం విన్నప్పుడు నేను షెడ్డులో కింద కూర్చుని ఒక బకెట్టులో నట్టు వెతుక్కుంటున్నాను. నా నట్లన్నీ ఒకే బకెట్టులో ఉండేవి. అతనివి చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, ఏది ఎక్కడిదో చీటీ రాసి, మేకులకు వరసగా వేలాడేవి. అతని బండి ఇంజను పలికేనాటికి నా బండి మూడు గదుల్లో ఉంది.

అతని చేతులంటే నాకు అసూయ. ఓర్పంటే అసూయ. అతని భార్య స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకుంటే, అతను ఒక్కో స్క్రూ బిగిస్తూ ఆమెతో ఏదో చెబుతూ నవ్వేవాడు. ఆ నవ్వంటే మరీ అసూయ. నేను అక్కా అని పిలిచే ఆ మనిషి ఒక్కసారి కూడా, "ఈ ఇనుప సామాను ఎప్పుడు తీస్తారు?" అని అడగలేదు. మా గేటు దగ్గర ఆగేవాళ్లు ఇప్పుడు రోడ్డు దాటి అటు వెళ్లిపోతున్నారు. ఆఖరికి మా ఆవిడ కూడా వెళ్లింది.

"అన్నయ్యగారు టాంకు మీద బంగారం రంగు గీత ఎంత సన్నగా వేసారో చూసారేటి?" అంది వచ్చి.

"చూడలేదు" అన్నాను. కర్టెను సందులోంచి అప్పటికి మూడుసార్లు చూశాను.

అంతకుముందే నా బండి ఫ్రేమూ ఫోర్కూ తుప్పు రాల్చి నల్ల కోటింగు వేయించడానికి చిన్న వర్కుషాపులుండే షెడ్ల ఏరియాలో ఒకతనికి ఇచ్చాను. వస్తువులు తిరిగి ఇస్తూ అతను ఫోర్కు పక్కకు తీసి, "భయ్యా, ఇస్కో మత్ లగానా" అన్నాడు, దీన్ని బిగించొద్దని. తుప్పు రాలాక మెడ దగ్గర వెంట్రుకంత పగులు కనిపించిందట. మిగతావాటితో పాటు దానికీ కోటింగు పడిపోయింది కానీ, బండికి బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుందన్నాడు. నేను సుపేలాలో పాత సామాన్ల కొట్టులో ఇంకో ఫోర్కు సంపాదించాను. పగులుది షెడ్డు తలుపు వెనక నిలబెట్టాను. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తూ ఉండేది. పైనుంచి ఎవరు చూసినా పగులు కనిపించదు.

ఒక మధ్యాహ్నం మా రిలీవరు షెడ్డులోకి వచ్చాడు. తన ఫోర్కును ఎంత సరిచేయించినా వంకర పోలేదన్నాడు. తలుపు వెనకది చూసి అతని మొహం వెలిగింది.

"ఇది ఖాళీయేనేటి గురూ?"

"ఖాళీయే" అన్నాను. పగులు సంగతి చెప్పబోయాను. నిజంగానే చెప్పబోయాను. నోట్లో మాట తయారుగా ఉంది.

అప్పుడే మా పాత ఫోర్‌మన్ వచ్చాడు. ఆయన కూడా రిటైరయ్యాడు, ఎదురింటి బండి చూసి వెళ్దామని వచ్చి మా ఇద్దరి గొంతులూ విని లోపలికి వచ్చాడు. నా షెడ్డు ఓసారి కలయజూశాడు. బకెట్టు చూశాడు.

"నీదింకా ఇలాగే ఉందేటోయ్? ఇతన్ని సూసి నేర్సుకో" అన్నాడు.

ఇరవై రెండేళ్లు కంట్రోలు కేబిన్‌లో ఆయన అన్న మాటే అది. రిటైరయ్యాక, నా పెరట్లో, మా నాన్న బండి ముందు నిలబడి కూడా అదే మాట. మా రిలీవరు ఇబ్బందిగా నవ్వి, ఫోర్కు భుజానికెత్తుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

"చెప్పు గురూ, ఏటైనా ఉందేటి?"

"ఏటీ లేదు. బాగానే ఉంది. పట్టుకెళ్లు."

అతను అలాగే పట్టుకెళ్లాడు. ఇంకెవరైనా ఇచ్చుంటే గీకి, కొట్టి, చూసుకుని ఉండేవాడు. ఆ ప్రశ్నకు నేను ఇరవై రెండేళ్లుగా ఇచ్చిన జవాబుల్లో ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. అందుకే నమ్మాడు.

రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు అతను ఆ ఫోర్కు బిగించి ముందు చక్రం ఎక్కించాడు. ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. ఎల్లుండి కొత్త సీటు వచ్చింది, వీధి వీధంతా అక్కడే ఉంది. నాకు నేనే చాలా చెప్పుకున్నాను. వెంట్రుకంత పగులేగా అనుకున్నాను. ఈ సెక్టారు రోడ్ల మీద నెమ్మదిగానే తోలుతాడుగా, మొదటి గతుకులోనే తేడా తెలిసి తనే విప్పుకుంటాడుగా అనుకున్నాను. అతని బండి ఆగిపోవాలని మాత్రం ఒక్కో పూట గట్టిగా కోరుకున్నాను. అతనికి ఏమైనా కావాలని కోరుకోలేదు. ఈ రెండింటికీ మధ్య తేడా ఉందని అప్పుడు అనుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఒక శనివారం మా ఆవిడే చెప్పింది.

"రేపు పొద్దున్న అన్నయ్యగారూ వదినా బండి మీద నందిని గనుల దగ్గరికి ఎళ్తన్నారట. వదిన పుట్టింది ఆ గనుల కాలనీలోనే కదా. ఆ ఇల్లు సూపించుకొస్తారట."

నందిని రోడ్డు నాకు తెలుసు. లారీలు, గతుకులు, దుమ్ము. ఆ రోజంతా నేను అతనింటికి వెళ్లడానికి రెండుసార్లు చెప్పులు వేసుకుని, రెండుసార్లూ విప్పేశాను.

ఆదివారం పొద్దున్న పళ్లు తోముకుంటుంటే కిక్కు కొట్టిన చప్పుడు వినబడింది. ఒక్క దెబ్బకే అందుకుంది. నాకు తెలియకుండానే కాళ్లు పరిగెత్తాయి. లుంగీతో, నోట్లో బ్రష్షుతో, నురగ కారుతూ వెళ్లి బండికి అడ్డంగా నిలబడ్డాను. అక్క కొత్త చీర కట్టుకుని వెనక కూర్చుని ఉంది, ఒళ్లో టిఫిన్ సంచీ.

"ఆగు. ఫోర్కు మెడ దగ్గర పగులుంది. కోటింగు కింద."

అతను ఇంజను ఆపాడు. నా మొహంలోకి చూశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నీకిచ్చినప్పుడే తెలుసు."

అక్క ఒకసారి అతని వైపూ ఒకసారి నా వైపూ చూసింది. "తెలిసీ సెప్పలేదేటి తమ్ముడూ?" అని అడిగింది. కోపంగా కాదు, తను సరిగ్గా విన్నదో లేదో అన్నట్టు అడిగింది.

"దిగు" అన్నాడతను భార్యతో. ఆమె దిగాక నా వైపు చూడకుండా, "నిన్న దీని మీదే ఉతై ఎల్లొచ్చినాం ఇద్దరం. రోడ్డు బాగుందని ఎనభై మీద తోలినాను" అన్నాడు.

నాకు తెలియదు. బండి చప్పుడు విని సెక్టారులోనే తిప్పుతున్నాడనుకున్నాను. శనివారం నేను చెప్పులు వేసుకుని విప్పుకుంటున్నప్పుడు, ఆ పగులు మీద వాళ్లిద్దరూ ఎనభైలో వెళ్తున్నారు. నురగ మింగేశాను. అతను తిట్టుంటే బాగుండేది, చెంప మీద కొట్టినా పడేవాణ్ణి. అతను మాత్రం బండిని నడిపించుకుంటూ వెనక్కి తీసుకెళ్లి, గేటు వేసుకున్నాడు. అక్క టిఫిన్ సంచీ పట్టుకుని అతని వెనకాలే వెళ్లింది.

మర్నాడు పొద్దున్న పాలకు గేటు తీస్తే ఆ ఫోర్కు మా గోడకు ఆనించి ఉంది. తుడిచి, శుభ్రం చేసి, మెడ దగ్గర కోటింగంతా ఇనుము కనబడేదాకా గీకేశాడు. పగులు నిజంగా వెంట్రుకంతే ఉంది. దాని చుట్టూ తెల్ల సుద్దతో సున్నా చుట్టాడు. మిల్లులో పగిలిన వస్తువును ఇంకెవరూ వాడకుండా అలాగే గుర్తు పెట్టేవాళ్లం. మా వీధిలో సగం మంది ప్లాంటువాళ్లే, ఆ గుర్తు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వాకింగుకు వెళ్తున్న ఇద్దరు అప్పటికే ఆగి దాన్నీ, నన్నూ చూస్తున్నారు.

నేనూ చూశాను. చెయ్యెత్తకుండా ఒకే ఊపులో గీసిన సున్నా, ఎక్కడా చిన్న వంకరైనా లేదు. ఎంత గుండ్రంగా గీశాడు, నా వల్ల కాదు ఇలా గీయడం అన్నదే నాకు ముందు తోచింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది.