గోనెసంచి, రెండు కండ్లు

ఈ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నానో లేదో, ఫోను టింగుమంది. చూస్తే ఒక బొమ్మ. కొబ్బరి చిప్ప, దాని పక్కన ఒక కొండ, రెండూ వంకరటింకరగా ఉన్నాయి. నేను ఫోనును నోటి దగ్గర పెట్టుకుని "చిప్పగిరి!" అని గట్టిగా అరిచి పంపించాను. వంటింట్లోని మా కోడలు ఉలిక్కిపడి, అత్తమ్మ ఉన్నట్టుండి ఏ ఊరికి ప్రయాణం కట్టిందోనని తొంగిచూసింది. ఎమ్మిగనూరు ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని, ఎన్నెన్ని మంచి బొమ్మలు దిద్దానో నాకే గుర్తు లేదు గాని, ఈ వంకర కొండను చూసి పొంగిపోయినంతగా దేన్ని చూసీ పొంగిపోలేదు. ఎందుకో చెప్పాలంటే నాతోపాటు మిమ్మల్ని కూడా ఆ పాత బస్సు ఎక్కించాలి.

అప్పట్లో మేము ముగ్గురం ఆడవాళ్ళం ఆదోనిలో కాపురం, ఎమ్మిగనూరులో ఉద్యోగం. నేను బడికి, నాకంటే చిన్నదైన నర్సు చెల్లెలు ఆసుపత్రికి, మా ఇద్దరికీ పెద్దదైన టెలిఫోను అక్క ఎక్స్‌ఛేంజికి. తోడబుట్టినవాళ్ళం కాము, ఒక కులంవాళ్ళం కాము, ఒక మతంవాళ్ళమూ కాము. అక్క ఇంట్లో రంజాను, చెల్లెలింట్లో క్రిస్మసు, మా ఇంట్లో ఉగాది. ఒకే బస్సువాళ్ళం, అంతే. జిన్నింగు మిల్లుల మీదుగా నడిచొచ్చేసరికి జుట్టుకు అంటుకున్న దూదిపోగులను ఒకరికొకరు దులుపుకుంటూ ఎక్కేవాళ్ళం. అక్కకు ఎప్పుడూ కిటికీ సీటే. ట్రంకు కాల్ కోసం కాచుకునే ఎమ్మిగనూరు బట్టల వ్యాపారులు ఆమె ముఖం ఎరగకపోయినా ఆ గొంతు వినపడితే చాలు, ఇక కాల్ కలిసినట్టేనని నిమ్మళంగా కూర్చునేవారట. అంత స్పష్టమైన గొంతు, అంత ధీమా.

దారి పొడుగునా కబుర్లు ఎన్నని చెప్పుకుంటాం? ఒకనాడు ఊసుపోక కిటికీ అద్దం మీద పేరుకున్న నల్లరేగడి దుమ్ములో వేలితో ఒక పత్తికాయ, పక్కన ఒక కొండ గీశాను. "పత్తికొండ!" అని అక్క ఠక్కున పట్టేసింది. ఇక అదే మా ఆట. రోజుకొకరం మన చుట్టుపక్కల ఊరి పేరునో, తినే వస్తువునో బొమ్మలుగా విడగొట్టి గీయడం, మిగతా ఇద్దరూ విప్పడం, విప్పలేనివాళ్ళు దిగినాక ఉగ్గాని, బజ్జీ పెట్టించడం. ఒక నియమం మాత్రం అక్కే పెట్టింది. జవాబు చెవిలో గుసగుసగా చెబితే చెల్లదు, కండక్టరు కేక పెట్టినట్టు పైకి చెప్పాలి.

ఆ నియమం పుణ్యమా అని ఒకనాడు పెద్ద నవ్వులాటే జరిగింది. నేను ఒక గోనెసంచి గీసి, పక్కన రెండు కండ్లు గీశాను. అక్క సగం దారి దాకా తల పట్టుకుని, ఉన్నట్టుండి సీట్లోంచి లేచి "గోనెగండ్ల!" అని అరిచింది. డ్రైవరు బ్రేకు కొట్టాడు. కండక్టరు పరుగున వచ్చి "గోనెగండ్ల యాడమ్మా? ఈ బస్సు ఆడికి పోదు, ఎమ్మిగనూరే ఆఖరు!" అన్నాడు. బస్సు బస్సంతా ఘొల్లుమంది. ఆ తరువాత చాన్నాళ్ళు మమ్మల్ని చూడగానే "గోనెగండ్ల టికెట్లు మూడా?" అని ఆ కండక్టరు వేళాకోళం చేసేవాడు.

ఉద్యోగాలు అయిపోయాయి. అక్క ఆదోనిలోనే ఉండిపోయింది, నేను ఎమ్మిగనూరులో కొడుకు దగ్గరికి వచ్చాను, చెల్లెలు సి.బెళగల్ దగ్గర తన సొంత ఊరు చేరింది. కరోనా రోజుల్లో ఇల్లు కదలలేక ఉసూరుమంటున్నప్పుడు చెల్లెలు వాట్సాప్‌లో "కిటికీ సీటు" అని ఒక గ్రూపు పెట్టింది. దుమ్ము బదులు ఫోను అద్దం, వేలు మాత్రం అదే. జవాబు ఇప్పుడు కూడా గొంతుతోనే పంపాలి, టైపు కొడితే చెల్లదు.

అలా సంతోషంగా సాగుతుండగా అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మేము చూడబోతే ముఖం గోడవైపు తిప్పుకుంది. "అమ్మకు అన్నీ తెలుస్తాండాయి ఖాలా, మాటే రావటంలే. నీళ్ళు అడగబోతే ఇంగోటి వస్తాంది. సిగ్గుపడి నోరే తెరవటంలే" అని, మమ్మల్ని పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచే ఆమె కూతురు కళ్ళు తుడుచుకుంది. మాట్లాడే ప్రయత్నం మానేస్తే ఉన్న నాలుగు మాటలూ పోతాయని డాక్టరు హెచ్చరించాడట. ఆ గొంతు ఇక వినబడదేమోనని బస్సులో ఇంటికొస్తూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాటి నుంచి రోజూ ఒక బొమ్మ పంపసాగాము. కొన్నాళ్ళకు అక్క ఎడమచేత్తో అక్షరాలు చూపిస్తే కూతురు టైపు కొట్టి పంపింది. జవాబు సరైనదే. నేను ఒప్పేసుకుందామన్నాను గాని చెల్లెలు ససేమిరా అంది. ఆ పిల్లకు కోపం వచ్చి మా ఇద్దరినీ కలిపి ఫోను చేసింది.

"మా అమ్మనెందుకు ఇట్ల ఏడిపిస్తాండారు ఖాలా? రాసి పెట్టినా చాలదా?"

"చాలదు పాపా. నోటితోనే సెప్పాల. మీ అమ్మ పెట్టిన రూలే ఇది, మేమెట్ల మారుస్తాం?" అంది చెల్లెలు. పైకి అలా అన్నదే గాని, ఆ పిల్ల ఫోను పెట్టేశాక, తప్పు చేస్తున్నామా అక్కా అని నన్నే అడిగింది.

బొమ్మలు మాత్రం ఆపలేదు. వాటికి బదులుగా గురగురలు వచ్చాయి, సగం సగం ముక్కలు వచ్చాయి, కొన్ని రోజులు ఏమీ రాలేదు. ఇక తోచక, ఒకనాటి మధ్యాహ్నం ఆ పాత గోనెసంచి, ఆ రెండు కండ్లే మళ్ళీ గీసి పంపాను. సాయంత్రానికి అక్క దగ్గరినుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు ఫ్యాను చప్పుడు. తరువాత "గో..." అని ఆగింది. మళ్ళీ "గోనె..." అంది. ఒక పెద్ద ఊపిరి. "గండ్ల!" ఆ వెనక కూతురి ఏడుపు, నవ్వు కలిసిపోయి వినిపించాయి. ఆ మెసేజ్‌ను పడుకునేదాకా మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాను.

ఇప్పుడు అక్క నిదానంగా మాట్లాడుతోంది. ఎడమచేత్తో తనే పొడుపులు గీస్తోంది, ఈ పొద్దుటి చిప్పగిరి లాగా. పోయిన నెల పట్టుబట్టి మమ్మల్ని ఆదోనికి రప్పించి, ముగ్గురం ఎమ్మిగనూరు బస్సు ఎక్కాల్సిందే అంది. కిటికీ సీటు ఆమెదే. అద్దం మీద దుమ్ము ఎప్పటిలాగే ఉంది. ఎడమచేతి వేలితో సంచి, కండ్లు గీసి, "గోనె...గండ్ల!" అని బలమంతా పెట్టి అరిచింది.

ఎవరూ తల తిప్పలేదు. అందరి చెవుల్లోనూ వైర్లు, అందరి చూపులూ ఫోన్లలో. ఎదుటి సీటు పిల్ల ఒక చెవిది తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఆ ఫోన్లే మమ్మల్ని ముగ్గురినీ కలిపాయి కాబట్టి వాటిని తిట్టడానికి నాకు నోరు రాదు, అయినా మనసు చివుక్కుమంది. అక్క అటూ ఇటూ చూసి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, ఆ కండక్టరు గొంతే తెచ్చిపెట్టుకుని "గోనెగండ్ల... యాడమ్మా? ఎమ్మిగనూరే... ఆఖరు!" అంది.

ఒకప్పుడు బస్సంతా నవ్విన మాటకు మేము ముగ్గురమే నవ్వాము, బస్సంతటికీ సరిపడా.