నాపరాళ్ల బండి ఆయన

ఆయన పేరు నాకు తెలియదు. కడప దారిలో నాపరాళ్ల బండి తోలేవాడు.

తొలికాన్పు నొప్పులతో నన్ను మిషను ఆసుపత్రి మోటారులో తీసుకుపోతున్నారు. వాగు మీది ఇరుకు వంతెనపై ఆయన బండి ఆగిపోయి ఉంది. బరువు లాగలేక ఎద్దులు మొరాయించాయి. మా హారను విని ఆయన వెనక్కి వచ్చాడు.

"లోపల ఎవరుండారప్పా?"

"నొప్పులు పడతాండే ఆడబిడ్డ," అన్నాడు డ్రైవరు.

ఆయన బండిలోని రాళ్లన్నీ వాగులోకి తోసేశాడు. అవి పగిలిన చప్పుడు నొప్పుల్లోనూ నాకు వినబడింది. తేలికైన బండిని వంతెన దాటించి, మాకు దారిచ్చాడు.

ఏడాది తర్వాత, బిడ్డనెత్తుకుని ఆ దారినే నడుస్తున్నాను. వెనక ఆసుపత్రి మోటారు హారను మోగింది. బండ్లన్నీ ఎడమకు ఒదిగాయి. వాటి ముందు నిలబడి దారివ్వమని అరుస్తున్నది ఆయనే.

"అదిగో, నీకు దారిచ్చినాయన!" అని దారి మధ్యలోనే ఆగి నా కూతురికి గర్వంగా చూపించాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

"ఆడనే నిలబడినావేమ్మా? మోటారొస్తాండాది, పక్కకు జరుగు!" అని గద్దించాడు.