అలల్లేని చోట

మాది బత్తలపల్లె పక్క మెట్ట ఊరు. బోరు ఎండితే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునేటోళ్లం, మాకు సముద్రం సంగతి ఏం తెలుస్తాది? మా ఇంటాయనది మాత్రం కణేకల్ దిక్కు. కాలవలో ఈది పెరిగినాడు. ఆ గొప్పలు పెళ్లయిన కాడినుంచి విని విని నా చెవులు చిల్లులు పడినాయి.

పోయినేడు శెనక్కాయ పని అయినాక వ్యానులో రామేశ్వరం పోయినాము. ఆ దీవి చివరన మొగుడూ పెండ్లాం కొంగుముడితో మునిగితే మంచిదని మాతో వచ్చిన పెద్దామె ఒకామె చెప్పింది. సరేలే అని నా కొంగు, ఆయన నడుముకు కట్టిన తువ్వాల కొస కలిపి గట్టిగా ముడేసినా.

యాడ దిగాలో చూసింది నేనే. ఈ పక్కా ఆ పక్కా అలలు తెల్లగా విరిగి పడతాండాయి. నడుమ మాత్రం ఒక సందు మాదిరి, అలే లేదు. మా వంకల్లో పారే నీళ్లకు భయపడతాము గానీ నిలిచిన నీళ్లకు ఎవరు భయపడతారు? "ఆడ దిగుదాం పా, నెమ్మదిగా ఉండాది" అంటిని. ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆమె చేతులూపుతా అరవంలో ఏమో అరిచింది. ఏమన్నా అమ్మతాందేమోలే అనుకుంటి. నా తెలివి అట్ల తెల్లారింది.

నడుము లోతు పోయేసరికి కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ఆయన నాకంటే రెండడుగులు ముందుండాడు. నీళ్లు ఆయన్ని లోపలికి ఈడ్చుకుపోతాండాయి, కొంగు నన్ను ఈడుస్తాండాది. ఒడ్డుకు తిరిగి ఎంత ఈదినా జానెడు కూడా రాలేకపోయినాడు. నేను మునిగి లేచినా. మళ్లా మునిగినా. తడిసిన ముడి చేతికి రాలేదు, పండ్లతో పీకి విప్పేసినా. ఆయన కోసం కాదు. నేను బతకాలనుకున్యా, అంతే.

ఆ చేపలామె నీళ్లలోకి వచ్చి నా రెట్ట పట్టి గుంజింది. తిరిగి చూస్తే ఆయన తల దూరంగా కనపడతాండాది. చంపుకుంటిని కదా అనుకుంటి. ఆయన ఒడ్డుకు ఈదడం మానేసి, కాలవలో మాదిరి అడ్డం తిరిగినాడు. ఒడ్డు వెంబడే పక్కకు పోయి, అలలు విరిగే చోట చేరినాడు. ఆ అలలే ఆయన్ని ఒడ్డుకు తోసినాయి. చేపలామె ఆ నెమ్మది నీళ్లు చూపించి, తల అడ్డంగా ఊపి నన్ను బాగా తిట్టింది. ఒక్క మాటా అర్థం కాలేదు, అంతా అర్థమయింది.

ఊరికొచ్చినాక మా ఇంటాయన రామేశ్వరం పోయే ప్రతి ఒక్కరికీ చెప్తాడు. "అలల్లేని సందులో దిగొద్దప్పా, ఆడే లోపలికి లాగేది. లాగితే ఎదురీదొద్దు, పక్కకు పోండి. ఆ ఊరోళ్లను అడిగి దిగండి. మా అదృష్టం, ముడి జారిపాయ." ఆ చివరి మాట వినేటప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

మొన్న విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తాంటే ఉండబట్టలేక చెప్పేసినా.

"అది జారలేదయ్యా. నేనే విప్పినా. నా పాణం కోసమే విప్పినా."

ఆయన ఒలిచేది ఆపలేదు.

"తెలుసులే. నువ్వు పండ్లతో పీకతాంటే చూస్తానే ఉంటి. తొందరగా విప్పు, తొందరగా విప్పు అని అరిచినా. నీకే వినపడలేదు."