కళ్లజోడు పెట్టెలో పగడపు ముక్క

ఆ కాపలాదారు ఎవరిని తనిఖీ చేయాలన్నా ముందు తన జేబులు రెండూ బయటికి లాగి చూపించేవాడు. అండమాన్‌లో నేషనల్ పార్కుగా కాపాడుతున్న ఆ చిన్న పగడపు దీవి నుంచి గవ్వ కూడా తీసుకుపోకూడదు. ఆ నియమాన్ని పడవలో మా మార్కాపురం యాత్రికులకు రెండుసార్లు వివరించింది నేనే.

అయినా ఒక ముక్క తీసుకున్నాను. వెళ్లిన ప్రతిచోటు నుంచీ ఒక రాయి తెచ్చుకోవడం, డైరీలో నమోదు చేయడం నా పద్ధతి. తిరుగు పడవ కోసం కూర్చుని నమోదు కూడా చేశాను.

అతడు నా జేబులు తడిమి వదిలేశాడు. అంతలో ఒళ్లో ఉన్న డైరీ కనపడింది.

"తెలుగా! మాది కొమరోలు, పెదనాయనా. మన అక్షరాలు చూసి శానా దినాలైంది. చదవనా?"

నా దస్తూరి మీద గర్వంతో వెంటనే ఇచ్చాను. అతడు గట్టిగా చదివాడు: "పగడపు ముక్క ఒకటి. కళ్లజోడు పెట్టెలో దాచాను."

మావాళ్లంతా ఒకటే నవ్వు.

"ఏంది పెదనాయనా, దొంగతనం చేసి రసీదు కూడా రాసినావా?"

ముక్కను తీసిన చోటే నీళ్లలో పెట్టించాడు. సిగ్గుతో ఆ వాక్యం కొట్టేయబోతే కలం లాక్కున్నాడు.

"కొట్టేయొద్దు. నిజమే గదా రాసినావు."

నలభై ఏళ్ల నా డైరీల్లో పరాయి చేతిరాత ఆ ఒక్క చోటే ఉంది: "తిరిగి పెట్టినాడు. నేను చూసినాను."