నీలగిరి తోటలో దాగుడుమూతలు

మొన్న ఆదివారం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బస్సెక్కబోతూ మనవరాలు ఫోన్ చేసి, ఆఫీసు వాళ్లతో ఏదో టేకు తోటకు పోయి సైకిళ్లు తొక్కి, అక్కడే వండుకు తిని వస్తామంది. కోతకొచ్చిన తోటా అని అడిగితే, ఈ ముసలిదానికి ఏం పుట్టిందో అనుకుని నవ్వింది. అది తిరిగొచ్చేదాకా నేను గుమ్మం వదల్లేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన్సూరాబాద్ అవతల అప్పట్లో ఇళ్లకన్నా తోటలే ఎక్కువ. పోచంపల్లి విడిచి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టినా, మా నాయన కార్తీకంలో వనభోజనం మాత్రం అప్పటికింకా మానలేదు. ఓ ఏడు ఆయన దోస్తుకున్న నీలగిరి తోటకు పోయాం. అక్కడ ఉసిరిచెట్టు లేదాయె, నాయనమ్మ ఇంటి నుంచే ఉసిరి కొమ్మ పట్టుకొచ్చి నేలలో గుచ్చి, దానికే పసుపు కుంకుమ పెట్టి, అందరినీ దాని చుట్టే కూర్చోబెట్టింది. తోటలో ఓ పక్క కూలీలు చెట్లు కోస్తున్నారు, అటు పోవద్దని పిల్లలకు చెప్పి పెద్దవాళ్లు పులిహోర కలిపే పనిలో పడ్డారు.

తిన్నాక దాగుడుమూతలు మొదలుపెట్టాం. నేను దొంగను. అందరూ దొరికారు, ఇంకా బడికి కూడా పోని మా చెల్లె తప్ప. వెతుకుతుండగానే కోత వైపు నుంచి ఓ కూలీ ఉరికొచ్చి, "ఎవ్వలు అటు రావొద్దు, చెట్టు కోసినం, ఒరిగింది గని పడ్తలేదు, గాలొస్తే ఎటు పడ్తదో తెల్వది" అన్నాడు. గాలి అప్పటికే ఉంది. అమ్మ, నాయన, నాయనమ్మ, అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు, జవాబు లేదు. ఏ వరుసలోకి తొంగి చూసినా ఒక్కలాంటి మానులే, మధ్యలో మనిషి జాడ లేదు. ఎక్కడో పైన ఆ చెట్టు కిర్రుమంటూనే ఉంది.

అప్పుడు తట్టింది నాకు. మేము పిలిచేకొద్దీ చెల్లె ఇంకా లోపలికి నక్కుతుంది, దాని లెక్కన ఆ పిలుపులన్నీ ఆటలోవే. గొంతు పగిలేలా అరిచాను, "నేను ఓడిపోయిన, ఆట అయిపోయింది, బయటికి రాయే" అని. పేర్చిన దుంగల వెనక నుంచి లేచి, పావడా ఎత్తిపట్టుకుని, నవ్వుకుంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నా చెయ్యి అందిందో లేదో, ఆ చెట్టు వచ్చి ఆ దుంగల మీదే పడింది. నాయన చెల్లెను కొట్టడానికి చెయ్యెత్తి, కొట్టలేక అక్కడే కూలబడ్డాడు. మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఆ సంగతీ ఎత్తలేదు, వనభోజనం మాటా ఎత్తలేదు.

ఇప్పుడక్కడ చెట్టు పుల్ల కూడా లేదు, అన్నీ అపార్ట్‌మెంట్లే. పిల్లలు ఎక్కడున్నదీ ఫోన్లే చూపిస్తాయి, దాక్కుందామన్నా వీల్లేదు. అయినా మొన్న మనవరాలు వచ్చేదాకా ఆగలేక, చంపాపేట్‌లో ఉండే చెల్లెకు ఫోన్ చేసి ఆ తోట గుర్తుందా అన్నాను. "ఎందుకు యాదికి లేదక్కా? మీరంతా ఎతికి ఎతికి పరేషానైండ్రు, ఎందుకో ఏడ్చిండ్రు గుడ, నేనే గెలిచిన" అని పకపకా నవ్వింది. దానికి గుర్తే లేని ఆ చెట్టు సంగతి నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. అమ్మా లేదు, నాయనా లేడు, నాయనమ్మ ఎప్పుడో పోయింది. ఆ రోజును సంతోషంగా తలచుకునే మనిషి మా ఇంట్లో అదొక్కతే.